పది నిమిషాల వంతు

తణుకు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఆపరేటింగ్ సిస్టమ్స్ చెబుతాను. అందులో రౌండ్ రాబిన్ అనే పాఠం నాకు కొట్టిన పిండి. పుస్తకం తెరవకుండా బోర్డు నిండా గడులు గీసి, ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో లెక్కగట్టి చూపించేవాణ్ణి. ఈ ప్రశ్న వస్తే మార్కులు ఖాయమని పిల్లలు సంబరపడేవారు. ఆ పాఠం నాకే అర్థం కాలేదన్న సంగతి ఒక అమ్మాయిని ఫెయిల్ చేశాక గానీ తెలియలేదు.

కష్టమైన పాఠమేం కాదు. ప్రాసెసర్ ఒకటి, దాని కోసం కాచుకుని ఉన్న పనులు అనేకం. ఒక పని ముగిసేదాకా మిగతావన్నీ ఆగాలంటే కుదరదు కాబట్టి, ప్రతి పనికీ ఒక చిన్న గడువు ఇస్తారు. గడువు తీరగానే, పని అయినా కాకపోయినా, దాన్ని ఆపి వరస చివరికి పంపి తర్వాతి పనిని తీసుకుంటారు. అలా తిరుగుతూనే ఉంటుంది. ఆపే ముందు మాత్రం ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో యంత్రం రాసిపెట్టుకుంటుంది. మళ్ళీ వంతు వచ్చినప్పుడు పని అక్కణ్ణుంచే సాగుతుంది. ఇలా ఒకదాన్ని పక్కన పెట్టి ఇంకోదాన్ని ఎత్తుకోవడానికి కూడా కొంత సమయం పడుతుంది. గడువు మరీ చిన్నదైతే కాలమంతా ఈ మార్పిళ్ళకే పోయి అసలు పని ముందుకు నడవదు. ఈ చివరి మాటను నేను రెండు మార్కుల ప్రశ్నగా చెప్పి దాటేసేవాణ్ణి.

ఆ ఏడు వానలకు మా ల్యాబ్ కప్పు కారింది. ముప్పై సిస్టముల్లో పది మిగిలాయి. బ్యాచికి ముప్పై మంది. కొత్తవి వస్తాయి, వస్తాయి అంటూనే సెమిస్టరు సగం గడిచింది. ముగ్గురికి ఒక సిస్టమ్ ఇస్తే ఒకరు టైప్ చేయడం, ఇద్దరు కబుర్లు చెప్పుకోవడం. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మనిషికి పది నిమిషాలు. ఫోన్లో అలారం పెట్టేవాణ్ణి. మోగగానే కూర్చున్నవాళ్ళు లేవాలి, తర్వాతివాళ్ళు కూర్చోవాలి. మూడు గంటల ల్యాబులో ఒక్కొక్కరికీ ఆరు వంతులు వచ్చేవి.

"ఇదేరా రౌండ్ రాబిన్ అంటే. ఇప్పుడు మీరే ప్రాసెస్‌లు," అన్నాను.

పిల్లలు వెంటనే అందుకున్నారు. అలారం మోగితే చాలు, గది గోలగోలగా ఉండేది.

"లేవరా, నీ టైమ్ స్లైస్ అయిపోయింది."

"ఒక్క సెమికోలన్‌రా బాబూ, ఒక్కటి!"

"కుదర్దమ్మా, రెడీ క్యూలోకి పద."

గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నవాణ్ణి చూపించి, "సార్, వీడు జాంబీ ప్రాసెస్ అయిపోయాడండి," అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఒకరోజు మా హెచ్‌ఓడీ గారు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసి, ఫొటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "పాఠం చెప్పడం కాదండి, ఆడించి చూపిస్తున్నారు మీరు!" అన్నారు. ఆ ఫొటోను నేను నాలుగైదు సార్లు తెరిచి చూసుకున్నాను.

ఇంకో రెండు నియమాలు కూడా పెట్టాను. ఒకరి ప్రోగ్రామ్ మరొకరు కాపీ కొట్టకుండా, లేచేటప్పుడు లాగాఫ్ చేసి తీరాలి. లాగాఫ్ చేస్తే ఆ సిస్టమ్‌లో అప్పటిదాకా చేసినదంతా చెరిగిపోయేలా పెట్టించాను. వైరస్‌ల భయంతో పెన్ డ్రైవులు, ఫోన్లు లోపలికి తేవద్దన్నాను. అంటే వంతు ముగిసేసరికి చేసిన పనిని దాచుకునే దారి ఏదీ లేదు. "ఆపే ముందు స్థితిని భద్రపరచాలి" అని ఉదయం బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసినవాణ్ణి, మధ్యాహ్నం ల్యాబులో అదొక్కటీ తీసేశాను. నాకు తట్టనైనా లేదు.

తట్టకపోవడానికి కారణముంది. చాలామందికి దాంతో ఇబ్బంది కలగలేదు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు ముందురోజే ఇంట్లో ప్రోగ్రామ్ రాసి, రన్ చేసి, వేళ్ళకు అలవాటు చేసుకుని వచ్చేవారు. కొందరు సాక్సుల్లో పెన్ డ్రైవ్ దాచుకునేవారు. వాళ్ళను నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

కిటికీ పక్క సిస్టమ్ దగ్గర ఒక అమ్మాయి ఉండేది. ఊళ్ళో బడిలో చదువుకుని వచ్చిన పిల్ల. ఇంట్లో కంప్యూటర్ లేదు. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేసేది. అసలే ఆ సిస్టమ్ పాతది, లాగిన్ అవడానికే నాలుగు నిమిషాలు తీసుకునేది. మిగిలిన ఆరు నిమిషాల్లో ఆమె ఇరవై లైన్లు కొట్టేసరికి అలారం మోగేది. తర్వాతి వంతులో మళ్ళీ మొదటి లైను. ఆరు వంతుల్లో ఆరుసార్లు మొదటి లైను.

"సార్, ఇంకో రెండు నిమిషాలు ఇస్తారా?" అని ఒకసారి అడిగింది.

"నీకిస్తే అందరికీ ఇవ్వాలి కదమ్మా."

"పోనీ నా ఆరు వంతులూ కలిపి ఒకేసారి ఇచ్చేయండి సార్. అందరిదీ అయ్యాక చివర్లో ఇచ్చినా పర్లేదు."

"అప్పుడది రౌండ్ రాబిన్ ఎలా అవుతుందమ్మా? ఒకరి పని ముగిశాకే ఇంకొకరిది అనే వెనకటి పాఠంలోకి వెళ్ళిపోతావు!" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని.

సెమిస్టరు చివర ల్యాబ్ పరీక్ష వచ్చింది. అప్పటికీ కొత్త సిస్టములు రాలేదు. పరీక్ష కూడా అదే పద్ధతిలో పెట్టాను. తర్వాతి సెమిస్టర్లో ఒక కంపెనీ ఉద్యోగాలివ్వడానికి మా కాలేజీకి వస్తోంది. ఒక్క సబ్జెక్టు పోయినా దానికి కూర్చోనివ్వరు. అది నాకూ తెలుసు, పిల్లలకూ తెలుసు.

చీటీ తీస్తే ఆమెకు రౌండ్ రాబిన్ ప్రోగ్రామే వచ్చింది. పేపరు మీద తప్పు లేకుండా రాసింది. సిస్టమ్ మీద మాత్రం చివరి వంతు కూడా సగంలోనే అయిపోయింది.

"అవుట్‌పుట్ ఏదమ్మా?"

"పేపర్ మీద చేసి చూపించాను సార్."

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమె పేపరు చూసి, "కరెక్టేనండీ. మీ ఇష్టం," అన్నారు. "అవుట్‌పుట్ లేకుండా ఎలాగండి?" అని ఆమె ఎదుటే ఫెయిల్ మార్కులు వేశాను నేను. ఆ రోజే ఇంకో కుర్రాడి ప్రోగ్రామ్ కూడా రన్ కాలేదు. తేకూడని ఫోన్ తెచ్చి, ఇంట్లో తీసుకున్న స్క్రీన్‌షాట్ చూపించాడు. అతని పెదనాన్న మా కాలేజీ కమిటీలో ఉన్నారు. అతనికి మార్కులు వేశాను.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి తండ్రి స్టాఫ్ రూముకి వచ్చాడు. ఆయన మా ఊరివాడే. కాలవ మీద లస్కరు, తూములు తెరిచి మూసే ఉద్యోగం. దాళ్వాలో, అంటే నీళ్ళు వంతులేసే రెండో పంటకు, మా చేలోకి నీళ్ళొచ్చేది ఆయన చేతి మీదుగానే. సెమిస్టరంతా నా ముందు కూర్చున్న పిల్ల ఆయన కూతురని నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, ఆదివారం చర్చికి వేసుకునేదనుకుంటాను. నాకంటే పదిహేనేళ్ళయినా పెద్ద. ఆ కుర్రాడి పెదనాన్న ఎప్పుడైనా స్టాఫ్ రూముకి వస్తే నేను లేచి కుర్చీ జరిపేవాణ్ణి. ఈయన్ను మాత్రం ఊళ్ళో పిలిచినట్టే పిలిచాను.

"ఏంటయ్యా, ఇలా వచ్చావు?"

"అమ్మాయి వద్దందండి. చెప్పకుండా వచ్చేశానండి. ప్రోగ్రాం వచ్చంటండి దానికి. టైం చాల్లేదంటండి."

"అందరికీ ఒకటే టైమిచ్చాను. పది నిమిషాలు. ఒక్క సెకను తేడా లేదు."

"ఆయ్, అదీ చెప్పిందండి. వంతులంటగా. నా బతుకంతా వంతులేగా అండి," అని నవ్వాడు. "ఆ పది నిమిషాలూ ఎప్పట్నుంచి లెక్కండి?"

"ఎప్పట్నుంచేంటి? కూర్చున్నప్పట్నుంచి."

"మిషను పైకి లేచే టైమూ అందులోనేనాండి?"

"అందులోనే."

తల అడ్డంగా ఊపాడు.

"మా బోదె కాలవ మీద అలా కాదండి. తూము తీసిన కాడ్నుంచి లెక్కేస్తే చివరనున్న శివారు చేలకి చుక్క దక్కదండి. నీళ్ళు బోదెంట నడిచెళ్ళేసరికే వంతైపోద్దండి. అందుకని చేను గట్టు తాకినప్పట్నుంచి లెక్కేస్తామండి. మీ చేనూ శివారుదే కదండి. నాన్నగార్ని అడగండి, చెప్తారు."

నాకు తెలియదు. వంతు రోజుల్లో నేను ఎప్పుడూ చేలోకి వెళ్ళలేదు. ఆ చేలో పండిన బియ్యం మాత్రం పుట్టినప్పట్నుంచీ తింటున్నాను. ఆయన మాట సూటిగా తగిలింది. తగిలినందుకే గట్టిగా మాట్లాడాను.

"ఇది చేను కాదయ్యా, కాలేజీ. ఇక్కడ రూల్సుంటాయి."

"తప్పంటం లేదండి బాబూ. అడుగుతున్నానంతే. కంపెనీవోళ్ళు వత్తన్నారంట, ఫెయిలైతే కూకోనివ్వరంట కదండి."

"చూద్దాంలే. వెళ్ళు."

దండం పెట్టి వెళ్ళిపోయాడు. అంతసేపూ నిలబడే ఉన్నాడు.

మార్కులు ఎక్కించడానికి ఆ సాయంత్రం ఐదు వరకే గడువు. మధ్యాహ్నం భోజనం వేళ ఖాళీ ల్యాబుకి వెళ్ళి, కిటికీ పక్క సిస్టమ్ ముందు కూర్చున్నాను. ఫోన్లో పది నిమిషాలు పెట్టుకుని, అదే ప్రోగ్రామ్ మొదలుపెట్టాను. రోజూ టైప్ చేసేవాణ్ణి, ఏటా అదే ప్రోగ్రామ్ చెప్పేవాణ్ణి. లాగిన్ అయ్యేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. వెయిటింగ్ టైము లెక్కగట్టే చోటికి వచ్చేసరికి అలారం మోగింది. నా నియమం ప్రకారమే లాగాఫ్ చేశాను. మళ్ళీ లాగినయ్యాను. తెర తెల్లగా ఉంది. రెండోసారి ఇంకా తొందరపడ్డాను, తొందరలో తప్పులు పడ్డాయి. మూడోసారి చేయలేకపోయాను. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆ నియమం పెట్టినవాడి మీద.

అన్నేళ్ళు చెప్పిన పాఠం అప్పుడు అర్థమైంది. అందరికీ సమానంగా సమయం ఇవ్వడం అందులో సులువైన భాగం, దానికి ఒక అలారం చాలు. మధ్యలో ఆగిపోయినవాళ్ళ పని పోకుండా చూసే బాధ్యత ఆపినవాళ్ళదే. యంత్రం ఆ పని నోరెత్తకుండా చేస్తుంది. నేను చేయకపోగా, నేను చెరిపేసినదానికి ఆమెను జవాబు అడిగాను.

ఇదంతా ఐదు గంటలకు ముందే తెలిసింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఆమెకు మార్కులు వేస్తే హెచ్‌ఓడీ గారు ఎందుకని అడుగుతారు. నా పద్ధతిలో తప్పుందని చెప్పాలి, ఆ ఫొటోకి మెచ్చుకున్నవాళ్ళందరి ముందూ. స్క్రీన్‌షాట్ సంగతి కూడా బయటికొస్తుంది. పేపరు మీద కరెక్టేనన్న ఎగ్జామినర్ మాట ఒక్కటి చాలు నాకు, కావాలనుకుంటే. ఐదు కావడానికి కాస్త ముందు, వేసిన మార్కులు వేసినట్టే ఎక్కించి సబ్మిట్ నొక్కాను.

ఆ రాత్రి అన్నం తింటూ మా నాన్నను అడిగాను, దాళ్వాలో మన వంతు ఎప్పట్నుంచి లెక్క అని.

"నీళ్ళు గట్టు తాకినప్పట్నుంచి. లేకపోతే మనకేం మిగుల్తుంది? ఎందుకూ?"

"ఊరికే," అన్నాను.

కంపెనీవాళ్ళు వచ్చిన రోజు సెమినార్ హాలు తలుపు దగ్గర జాబితా పట్టుకుని నిలబడే డ్యూటీ నాకే పడింది. సబ్జెక్టులు మిగిలిపోయిన వాళ్ళను లోపలికి పంపకూడదు. ఆమె ఎక్కడ వస్తుందోనని భయపడుతూ వరండా వైపు చూస్తూనే ఉన్నాను. ఆమె అటు రాలేదు. రోజంతా లైబ్రరీలో కూర్చుందని తర్వాత విన్నాను.

తర్వాత కొత్త సిస్టములు వచ్చాయి. లాగాఫ్ నియమం తీసేశాను, వంతులు మానేశాను. "రౌండ్ రాబిన్ ఆపేశారేంటండి, బాగుండేదిగా?" అన్నారు హెచ్‌ఓడీ గారు. "సిస్టములు సరిపోయాయి కదండి," అన్నాను. నిజం చెప్పడానికి అది ఇంకో అవకాశం. అదీ వదులుకున్నాను.

సప్లిమెంటరీ పరీక్షకు ఆ ల్యాబులో ఆమె ఒక్కతే. ఎదురుగా ముప్పై సిస్టములు, మూడు గంటల సమయం. మళ్ళీ చీటీ తీయించలేదు, పాత ప్రశ్నే ఇచ్చాను. అదే రెండు వేళ్ళతో, తొందర లేకుండా టైప్ చేసుకుంటూ పోయింది. నలభై నిమిషాలకు చెయ్యెత్తింది.

"రన్ అయింది సార్."

వెళ్ళి చూశాను. ఒక్క తప్పు లేదు. ఎగ్జామినర్ కూడా చూసి తలూపి, మార్కులు వేసి, టీకి వెళ్ళారు.

"బాగా చేశావమ్మా," అన్నాను.

"అప్పుడూ ఇదే రాశాను సార్." ఆ గొంతులో కోపం లేదు. ఎవరైనా దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది.

తలుపు తెరిచే ఉంది, వరండాలో ఎవరూ లేరు. పరీక్ష సమయం ఇంకా రెండు గంటలకు పైగా మిగిలి ఉంది. తప్పు నాదమ్మా అనడానికి అందులో ఒక్క నిమిషం చాలు. నేను కాగితాల కోసం వెతుకుతున్నట్టు సొరుగు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాను. ఆమె పెన్ను బ్యాగులో పెట్టుకుని, కుర్చీ లోపలికి నెట్టి, నా బల్ల ముందు నిలబడింది.

"వెళ్ళొచ్చా సార్?"

"వెళ్ళమ్మా," అన్నాను.