పై వాటా అన్న లేని వినాయక చవితి

చిక్కడపల్లిలో మా ఇంటి పై వాటాలో కిరాయికుండే అన్న ఆర్కెస్ట్రాలో పాడేవాడు. గొంతు తేనె. జ్ఞాపకశక్తే అంతంతమాత్రం. చరణం మధ్యలో మాటలు మరిచిపోతే, ఎదురుగా కనిపించిందాన్ని రాగంలో పెట్టి పాడేసేవాడు. నారాయణగూడలో ఒక రిసెప్షన్‌లో విరహగీతం పాడుతూ మాట మరిచి, వడ్డన వైపు చూసి, “బగారన్నం వచ్చె, దాల్చా రాకపాయె” అని ఆర్తిగా సాగదీశాడు. పెళ్లికూతురు నవ్వాపుకోలేక దండలో మొహం దాచుకుంది.

పచ్చకామెర్లు ముదిరి ముప్పై అయిదు నిండకుండానే పోయాడాయన. ఏటా ఆయన పాడే మా గల్లీ గణపతి దగ్గర ఆ ఏడు మైకు ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత క్యాసెట్లతో సరిపెట్టారు.

కొన్నేళ్లకు, చవితి ముందు, ఆయనతో తబలా వాయించిన మిత్రుడు అశోక్‌నగర్ నుంచి వచ్చాడు.

“సార్, ఈసారి మా దోస్తు యాదిల పాటలు పెడదం. వాయించెటోళ్లందరం వస్తం.”

“వాయిస్తరు సరే, పాడేదెవరయ్యా?” అన్నాడు నాన్న.

చవితి సాయంత్రం గల్లీ నిండిపోయింది. పరీక్షలకు చదువుకునే అశోక్‌నగర్ హాస్టళ్ల కుర్రాళ్లూ వచ్చారు. పల్లవి రెండుసార్లు వాయించినా ఎవరూ లేవలేదు. అన్న ఫోటో వైపు చూసి కళ్లు తుడుచుకునేవాళ్లే అందరూ.

అప్పుడు లేచింది మా అమ్మ. మంగళహారతికి కూడా గొంతు కలపని మనిషి! మైకు రెండు చేతులతో పట్టుకుని పల్లవి ఎలాగో గట్టెక్కించింది. చరణం దగ్గర మాటలు తప్పిపోయాయి. చుట్టూ చూసి, ముందు వరసలో కూర్చున్న నాన్న దగ్గర చూపు ఆపి, అదే రాగంలో అందుకుంది:

“పొయ్యి మీద పాలు పెట్టి మరిశి వస్తి, జర ఇంటికి ఉరుకరాదయ్యా…”

జనం గొల్లున నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు. పాలు నిజంగానే పొయ్యి మీద ఉన్నాయి.

ఇక మైకు కోసం తోపులాట మొదలైంది. తబలా ఆయన నవ్వుతూనే కళ్లు ఒత్తుకుని, “అక్కా, తాళం తప్పిన్రు మీరు” అన్నాడు.

“నువ్వే తప్పినవ్, పో!” అంది అమ్మ.

ఆ ఏటి నుంచి మా గల్లీలో క్యాసెట్లు మానేశారు. శ్రావణం రాగానే మా వంటింట్లో సాధన మొదలయ్యేది. ఓర్చుకోలేక నేను పుస్తకాలు తీసుకుని మేడెక్కేదాన్ని. నాన్న మాత్రం కూరగాయలు తరుగుతూ అక్కడే కూర్చునేవాడు. మూడో ఏటికి ఆయనా కోరస్‌లో చేరిపోయాడు.