ఆరిపోతూ యంత్రం చెప్పిన మాట

సముద్రం అడుగున కేబుల్ ఇంకా వేయని కాలమది. పోర్ట్ బ్లెయిర్‌లో మా కార్యాలయానికీ, దూరపు దీవుల్లోని ఆరోగ్య కేంద్రాలకూ మధ్య ఉన్న దారి ఆకాశంలోనే ఉండేది. ఇక్కడి డిష్ నుంచి మాట ముప్పై ఆరు వేల కిలోమీటర్లు పైకి ఎక్కి, ఉపగ్రహాన్ని తాకి, మళ్లీ అంత దూరమూ దిగి, ఓడలో ఒక రాత్రి ప్రయాణమంత దూరాన ఉన్న దీవికి చేరేది. భౌతికశాస్త్రం చదువుకుని, ఆ దారిని చూసుకునే ఉద్యోగంలో ఉన్న నాకు ఇందులో మాయ ఏమీ లేదని తెలుసు. లెక్క కూడా వేసి చూసుకున్నాను. లెక్క సరిపోయాక కూడా ఆశ్చర్యం తగ్గలేదు. ఇది నాకు తరచూ జరిగేదే.

దక్షిణాన ఉన్న అలాంటి ఒక దీవిలోని ఆరోగ్య కేంద్రం గురించే ఈ జ్ఞాపకం. స్వాతంత్ర్యం వచ్చాక మెయిన్‌లాండ్ నుంచి తీసుకొచ్చి, అడవి కొట్టించి, భూములిచ్చి నిలబెట్టిన కుటుంబాల ఊరు అది. వాళ్ల తర్వాత శ్రీకాకుళం తీరం నుంచి చేపలు పట్టే కుటుంబాలు కొన్ని వెళ్లి అక్కడే ఉండిపోయాయి. మా తాతలు పోర్ట్ బ్లెయిర్ శివార్లలోని గరాచర్మ దగ్గర ఆగిపోయారు, వాళ్లు మరికొంత దూరం వెళ్లారు, అంతే తేడా. ఆ కేంద్రంలో నర్సుగా పనిచేసే అమ్మాయి అలాంటి ఇంటిపిల్ల. డాక్టరు నెలలో కొన్ని రోజులే ఉండేవాడు. మిగతా రోజుల్లో ఆమె ఉపగ్రహం ద్వారా ఇక్కడి డాక్టర్లను అడిగి వైద్యం చేసేది.

ఆ దారి తెగితే మాకు తెలిసే మార్గం ఒక్కటే, పాత వైర్‌లెస్ సెట్టు. మా గది పక్కనే ఉన్న వైర్‌లెస్ గదిలో, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక ఆపరేటరు ఉండేవాడు. మా నాన్నకు వరసకు బావమరిది కాబట్టి నాకు మామ. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ దీవిని పిలిచి క్షేమం కనుక్కునేవాడు. ఆ వేళలు తప్పితే ఇక్కడ వినేవారు ఉండరు. ఆయన్ను వేరే పనులకు పంపేవారు.

ఆ ఏడు కొత్త నిర్వహణ సర్వర్ వచ్చింది. దీవుల్లోని పరికరాలకు ఏ ఇబ్బంది వచ్చినా అవే స్వయంగా ఒక హెచ్చరిక పంపుతాయి, సర్వర్ దాన్ని అందుకుని తెరమీద చూపిస్తుంది. అది సక్రమంగా పనిచేస్తోందని నేను రాసిస్తే వైర్‌లెస్ గది మూసేస్తామని మా అధికారి చెప్పాడు. అంటే నేను సంతకం పెట్టిన మర్నాటి నుంచి, దారి తెగినప్పుడు ఆ అమ్మాయి ఒంటరిగా మిగిలిందన్న సంగతి మాకు చెప్పవలసింది ఆ యంత్రమొక్కటే.

సర్వర్ అమర్చడానికి విశాఖపట్నం నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. చురుకైనవాడు. మొదటి రోజే తెరమీద ఎర్రటి వరుస ఒకటి చూపించాడు.

"వచ్చేసింది మేడమ్. అలర్ట్ పర్ఫెక్ట్‌గా వస్తోంది."

"ఎక్కడి నుంచి?"

"ఈ సర్వర్ నుంచే. టెస్ట్ మెసేజ్."

"మన ఇంట్లో మనమే పిలుచుకుని మనమే పలికితే, పక్కింటివాళ్లకు మన గొంతు వినబడుతోందని రుజువవుతుందా?"

అతను నవ్వి తల గోక్కున్నాడు. "మీరు సైన్స్ వాళ్లు కదా మేడమ్, దేన్నీ ఊరికే ఒప్పుకోరు."

ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం వైర్‌లెస్ వేళకు మామ పక్కన కూర్చుని నర్సును పిలిపించాను. రూటర్‌కు, అంటే దారి చూపే పెట్టెకు, తగిలించిన కంప్యూటర్ తీగ ఒకటి తీయమన్నాను.

"తీసీసినాను దీదీ. ఇప్పుడేటి సెయ్యాల?"

మామ మైకు అందుకున్నాడు. "ఓవర్ అనమ్మా తల్లీ! నువ్వు ఓవర్ అనకపోతే ఈ ముసలోడు సెవి ఒగ్గి ఇలాగే కూకుంతాడు. ఓవర్."

"అరే మామా, నువ్వు ఎప్పుడు ఖాళీగా కూకున్నావు గనక! ఓవర్!"

ఆమె తీగ తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. మా తెరమీద ఒక్క వరుస కూడా రాలేదు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందేమోనన్నాడు ఇంజనీరు. నెమ్మదికి కూడా ఒక కొలత ఉంటుంది కదా అన్నాను. సర్వర్‌లోకి వచ్చే ప్రతి మాటనూ గుమ్మంలోనే పట్టి చూపే సాధనం ఒకటి తెరిచాం. మళ్లీ తీగ తీయించాం. అప్పుడు కనబడింది. హెచ్చరిక గుమ్మం దాకా వస్తోంది. నూట అరవై రెండు అనే తలుపు దగ్గర ఈ సందేశాలను అందుకోవాలి, కానీ సర్వర్‌లోని ఫైర్‌వాల్ అనే కాపలా ఆ తలుపును మూసి ఉంచింది. తలుపు తెరిచాక ఇంకొక చిక్కు. పరికరంలో పెట్టిన సంకేతపదం ఒకటి, సర్వర్ ఎదురుచూసేది వేరొకటి. అపరిచితుడి మాటగా లెక్కగట్టి సర్వర్ దాన్ని పారేస్తోంది. రెండూ ఒకటి చేశాం.

మరోసారి తీగ తీయగానే వరుస వచ్చింది.

ఆ వరుసను నేను చాలాసేపు చూశాను. అందులో మాటలు లేవు, చుక్కలతో విడదీసిన అంకెలున్నాయి. ఒకటి, మూడు, ఆరు, ఒకటి అని మొదలై పొడవుగా సాగే అంకెలు. ప్రపంచంలో ఏ దేశంలో ఎవరు చేసిన పరికరమైనా, తన గురించి చెప్పుకోగల ప్రతి సంగతికీ ఒకే మహావృక్షంలో ఒక చోటు ఉంది. వేరు దగ్గర మొదలుపెట్టి ఎన్నో కొమ్మ, అందులో ఎన్నో రెమ్మ అని అంకెలు చదువుకుంటూ పోతే, చివరి ఆకు దగ్గర "నా తీగ ఒకటి తెగింది" అన్న అర్థం దొరుకుతుంది. సర్వర్‌కు ఇచ్చిన నిఘంటువు ఆ అర్థాన్నే చూపించింది. నేను నిఘంటువును కూడా నమ్మకుండా కొమ్మ కొమ్మా వేలితో లెక్కపెట్టి సరిచూశాను. సరిగ్గానే ఉంది. ఎన్నడూ కలుసుకోని మనుషులు ఇన్ని దేశాల్లో కూర్చుని ఇంత పెద్ద చెట్టును ఏ కొమ్మా మరో కొమ్మకు తగలకుండా పెంచగలిగారంటే, గుడిలో నిలబడినప్పుడు కూడా నాకు కలగని భావమేదో కలిగింది.

అయినా ఒక సందేహం వదల్లేదు. ఈ హెచ్చరికను పరికరం ఒక్కసారే పంపుతుంది. అందిందా లేదా అని అడగదు, అందకపోతే మళ్లీ పంపదు. తీగ తెగితే చెప్పగలదు. తానే ఆరిపోతే?

"అప్పుడు కూడా చెబుతుంది మేడమ్," అన్నాడు ఇంజనీరు. "కరెంట్ పోయిన క్షణంలో ఆఖరి మెసేజ్ పంపి ఆగిపోతుంది. డైయింగ్ గ్యాస్ప్ అంటారు. బ్రోషర్‌లో ఉంది."

"బ్రోషర్‌లో చాలా ఉంటాయి."

మర్నాడు ఉదయం నర్సుతో రూటర్ ప్లగ్గే పీకించాం. పీకినట్టు ఆమె చెప్పడం పూర్తికాకముందే తెరమీద వరుస వచ్చింది. విద్యుత్తు పోయింది, ఆగిపోతున్నాను అని. ఆ పెట్టె లోపల చిన్న కెపాసిటర్లుంటాయి. కరెంటు పోయాక వాటిలో మిగిలిన విద్యుత్తు రెప్పపాటు కూడా నిలవదు. ఆ కాస్త వ్యవధిలో ఆ పెట్టె తన పనులన్నీ వదిలేసి, ఒక్క వాక్యం కూర్చి, పక్కనున్న మోడెంకు అందించి ఆరిపోతోంది. దాని మాట ఉపగ్రహం దాకా ఎక్కి, అక్కడి నుంచి మా దగ్గరకు దిగేసరికి ఆ పెట్టె చీకటైపోయి పావు సెకను గడిచి ఉంటుంది. ఆరిపోయిన నక్షత్రాల వెలుగు గురించి నేను పాఠం చదువుకున్నాను. ఆ రోజు తెరమీద చూసింది అదేనని అనిపించింది.

అధికారికి కబురు తెలిసింది. "ఇంకేం మేడమ్, సైన్ కర్ దీజియే," అన్నాడు. ఒక ఉరుముల వాన చూశాక సంతకం పెడతానన్నాను. ఆయన విసుక్కున్నాడు గానీ కాదనలేదు. ఆ నెలలో వానలకు కొదవ లేదు.

మూడు నాలుగు రోజులకే ఒక మధ్యాహ్నం దక్షిణం వైపు ఆకాశం నల్లబడింది. నేను తెర ముందు నుంచి కదల్లేదు. ఆ దీవి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క అలాగే వెలుగుతోంది. ఒక్క హెచ్చరిక కూడా లేదు. ఇంజనీరు నా వైపు చూసి, "చూశారా, గాలివానలో కూడా లింక్ ఎంత స్ట్రాంగ్‌గా ఉందో!" అన్నాడు. నాకు ఆ ఆకుపచ్చ నచ్చలేదు. ఇక్కడి నుంచి నేనే ఆ రూటర్‌ను పలకరించి చూశాను. జవాబు లేదు. మళ్లీ పలకరించాను. లేదు. మామ కోసం వైర్‌లెస్ గదికి పరిగెత్తాను. గదికి తాళం వేసి ఉంది. ఆయన్ను ఏదో పనిమీద జెట్టీకి పంపారట. ఆయన వచ్చి సెట్టు తెరిచేసరికి సాయంత్రపు వేళే అయింది.

సెట్టు తెరవగానే ఆమె గొంతే వినిపించింది.

"ఎంతసేపట్నుంచి పిలుస్తన్నాను మామా! పిల్లోడికి జొరమొచ్చి ఫిట్స్ వచ్చినాయి. ఉన్న మందే ఏసి, తడిగుడ్డలేసి కూకున్నాను. ఇప్పుడు తగ్గి పడుకున్నాడు. ఓవర్."

మామ మైకు నా చేతికిచ్చాడు. లింకు ఎప్పుడు పోయిందని అడిగాను.

"పోలేదు దీదీ, మేవే తీసీసినాం. బిజిలీ కొడితే అన్నీ పీకీడమే కదా! మీకు మిషన్ సెప్పేస్తాదని అన్నారు కదా, అందుకే సెట్టు దగ్గరే కూకున్నాను. ఇప్పుడు పిలుస్తారు, ఇప్పుడు పిలుస్తారు అని. ఓవర్."

ఏది ముందు పీకారని అడిగాను.

"డిష్‌దే, పక్కా! మిద్దె మీద అదే కదా పిడుగును పిలిసేది. అది తీసేక ఈ డబ్బా ప్లగ్గు పీకినాం. ఓవర్."

దీవుల్లో పుట్టినవాళ్లెవరైనా అదే చేస్తారు. మా ఇంట్లో కూడా ఉరుము వినగానే అమ్మ ముందు టీవీ యాంటెన్నా తీగ పీకి, ఆ తర్వాతే టీవీ ఆపేది. ఆకాశం వైపు చాచిన తీగ ఏదో దాన్ని ముందు తీయాలి. అందులో తప్పేమీ లేదు. కానీ డిష్ తీగ ముందు తీసేస్తే, ఆ తర్వాత పెట్టె తన ఆఖరి మాటను ఎవరికి అందించాలి? అది చెప్పే ఉంటుంది. తెగిపోయిన తీగ ముందు నిలబడి చెప్పి ఆరిపోయింది. ఇక్కడ సర్వర్ మాత్రం, ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అంతా బాగుందని ఆకుపచ్చ చుక్క వెలిగిస్తూ కూర్చుంది. ఆమె అక్కడ ఎదురుచూసింది.

ఇంజనీరు ముఖం చిన్నబోయింది. "చెక్ చేసినవన్నీ కరెక్టే కదా మేడమ్," అన్నాడు మెల్లగా.

"అన్నీ కరెక్టే. మనం ఎండలో చెక్ చేశాం."

ఆ రాత్రికి పని ఆపి, మర్నాడు నేను, ఇంజనీరు, వైర్‌లెస్‌లో నర్సు ముగ్గురం కలిసి పీకే క్రమం మార్చుకున్నాం. ఉరుము ఇంకా దూరాన ఉండగానే ముందు రూటర్ ప్లగ్గు, ఆ తర్వాత డిష్ తీగ. నర్సు వాదించింది. "ఆ మధ్యలో పిడుగు పడితే నువ్వొస్తావా దీదీ?" అంది. న్యాయమైన ప్రశ్న. అందుకే మొదటి ఉరుముకే తీసేయమన్నాను, మెరుపు మీదికి వస్తే దేన్నీ ముట్టుకోవద్దన్నాను. ఆమె ఏదీ చేయలేని రోజు కోసం, సర్వర్ హెచ్చరిక వచ్చేదాకా ఎదురుచూడకుండా కొన్ని నిమిషాలకోసారి తానే ఆ దీవిని పలకరించేలా అమర్చాం. జవాబు రాకపోతే చుక్క ఎర్రబడుతుంది. చుక్క ఎర్రబడినా, ఆఖరి మాట అందినా వైర్‌లెస్ గదిలో గంట మోగేలా ఇంజనీరు తీగ లాగాడు. ఆ గంటను రోజంతా వినేందుకు ఒక మనిషి ఉండాలని నేను అధికారికి రాశాను. సర్వర్ సరిగ్గా పనిచేస్తోందని, అయితే వైర్‌లెస్ గది మూయడానికి అది కారణం కాదని రాసి సంతకం పెట్టాను. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"మీరు ఎస్ అన్నారా, నో అన్నారా మేడమ్?"

"చూసిన దానికి ఎస్, సర్. చూడని దానికి ఏమీ అనలేదు."

పిల్లవాడి సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది. మామను ఆ గది నుంచి కదిలించవద్దని ఆదేశమిచ్చాడు.

తర్వాతి ఉరుముల వాన కూడా మధ్యాహ్నమే వచ్చింది. కిటికీలోంచి చూస్తే మాకింకా ఎండే. తెరమీద వరుస పడింది. విద్యుత్తు పోయింది, ఆగిపోతున్నాను. గోడ అవతల గంట మోగింది. ఎక్కడో నా కంటికి కనబడని మేఘం కింద ఒక అమ్మాయి తడిచేతులు తుడుచుకుని ప్లగ్గు పీకిందని, మాకు ఎండ కాస్తుండగానే తెలిసింది. కొన్ని నిమిషాలకు చుక్క కూడా ఎర్రబడింది. సర్వర్ రెండో సాక్ష్యం చెప్పింది. నేను వైర్‌లెస్ గదిలోకి వెళ్లేసరికి గరగరల మధ్యనుంచి ఆమె మాట్లాడుతోంది. వలలో చిక్కిన తేడు చేప ఒకడి పాదంలో విషపు ముల్లు దించిందట, కాలు వాచిపోతోందట.

"డాక్టరుగారికి కబురెట్టినాను, వస్తన్నారు," అన్నాడు మామ మైకులో. "నువ్వు లైను మీదే ఉండమ్మా. ఓవర్."

"నానెక్కడికి పోతాను మామా, ఇక్కడే ఉన్నాను. జల్దీ రమ్మను. ఓవర్."

మెట్ల మీద డాక్టరు అడుగుల చప్పుడు వినబడింది. మామ లేచి ఆయన కోసం తన కుర్చీని సెట్టు ముందుకు జరిపాడు.