మకార్ వెతికిన మనిషి

రొట్టెల కర్మాగారంలో బాయిలర్ దగ్గర పనిచేసే మకార్ జుయేవ్‌కి ఏడాదంతా ఒక ఎత్తు, వసంతం ఒక ఎత్తు. మంచు కరిగి చిత్తడి నేల కాలు మోపనిచ్చిందంటే ఇంట్లో కట్టేసినా ఉండడు. కాళ్ళకు పొడుగాటి రబ్బరు బూట్లు, భుజాన మెటల్ డిటెక్టర్, చేతిలో నేలలోకి గుచ్చి చూసే ఇనుప చువ్వ. వోల్ఖొవ్ నది అవతలి అడవుల్లో యాభై ఏళ్ళ కిందటి యుద్ధం ఇంకా మట్టి కింద అలాగే పడి ఉంది. జనం దాని మీద నడుస్తూ పుట్టగొడుగులు ఏరుకుంటారు.

మకార్ వెతికేది తండ్రిని. ప్రోఖోర్ జుయేవ్ సైన్యానికి వెళ్ళేనాటికి మకార్ ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. తర్వాత వచ్చిన కబురు ఒక్కటే, ఆచూకీ లేదని. చనిపోయాడని వస్తే వీరుడయ్యేవాడు. ఆచూకీ లేదంటే జర్మన్లకు లొంగిపోయి ఉంటాడని ఊరు తేల్చేసింది. "మీ నాన్న బెర్లిన్‌లో సాసేజీలు మెక్కుతున్నాడట గదరా" అని బడిలో పిల్లలు ఏడిపిస్తే మకార్ కొట్లాడి చొక్కా చింపుకుని వచ్చేవాడు. తల్లి ఉస్తీన్యా ఆ చొక్కా కుట్టి ఇచ్చేది తప్ప పల్లెత్తు మాట అనేది కాదు. ముసలిదయ్యాక మాత్రం ఒకటే పాట పట్టుకుంది. తన మొగుడు పారిపోలేదని తాను కన్నుమూసేలోగా ఊరికి తెలియాలి. తెలిసేలా చేస్తానని మకార్ మాటిచ్చాడు. అలాంటి మాట ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదు.

అతని వెంట వెళ్ళేది ఇద్దరు మిత్రులు. తిమొఫేయ్ బడిలో చరిత్ర చెప్పి రిటైరైనవాడు. దొరికిన ఎముకలను అధికారులకు అప్పజెప్పే బాధ్యత అతనిది. రెండోవాడు గ్లెబ్, లారీ డ్రైవరు. జర్మన్ పతకాలో, తుప్పుపట్టిన బెల్టు బకిళ్ళో దొరికితే సంతలో అమ్ముకుంటాడు, అందుకు సిగ్గుపడడు కూడా. చచ్చినవాడికి బెల్టెందుకని ఎదురు అడుగుతాడు. మకార్‌కి ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. కానీ లారీ గ్లెబ్‌ది.

ఆ ఏడు గ్లెబ్ పోరు పడలేక అడవి వెనక ఉన్న పొడి మిట్ట మీదికి వెళ్ళారు. అక్కడేం దొరుకుతుందని తిమొఫేయ్ సణిగాడు. యుద్ధంలో అది సొంత సైన్యం పెద్ద అధికారులు మకాం వేసిన చోటు. జర్మన్లు అక్కడిదాకా రానేలేదు. అయినా డిటెక్టర్ మోగింది. ముందు పిస్తోలు తూటా ఖాళీ గొట్టం ఒకటి బయటపడింది. దాని పక్కన చువ్వ గుచ్చితే ఎముకకు తగిలింది. ఎన్నేళ్ళుగానో గుచ్చిన చెయ్యి, రాయికీ ఎముకకీ తేడా మకార్‌కి వేరే చెప్పక్కర్లేదు.

గుంట లోతు లేదు. తిమొఫేయ్ తలవైపు, గ్లెబ్ నడుము దగ్గర, మకార్ కాళ్ళ దగ్గర వంటింటి కత్తులతో మట్టి గీకడం మొదలుపెట్టారు. పేరు రాసి దగ్గర పెట్టుకోమని సైన్యం ప్రతి సిపాయికీ చిన్న గొట్టం ఇచ్చేది. రాస్తే చావును పిలిచినట్టేనని సగం మంది కాగితం ఖాళీగానే ఉంచేవారు. అందుకని వెతికేవాళ్ళు ముందు బూటు చూస్తారు. సిపాయి చెంచా బూటులోనే దోపుకునేవాడు, దాని కాడ మీద మేకుతో పేరు గీసుకునేవాడు. ఈ బూటు అడుగు ఊడిపోయి ఉంది. అందుకే కాబోలు, ఎవరూ విప్పుకుపోలేదు. చెంచా లోపలే ఉంది. మకార్ బొటనవేలితో మట్టి రుద్దాడు.

ప్రోఖోర్ జుయేవ్, జారెచ్యె.

మకార్ అలాగే చతికిలబడి నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. జారెచ్యె వాళ్ళ ఊరే. తల్లికి ఏ మాటలతో చెప్పాలో అప్పుడే కూర్చుకుంటున్నాడు. గ్లెబ్ పోయినవాళ్ళకు పెట్టే ఆనవాయితీ ప్రకారం వోద్కా తీసి గ్లాసులో పోసి, పైన నల్లరొట్టె ముక్క పెట్టి గుంట అంచున ఉంచాడు. తిమొఫేయ్ మాత్రం పుర్రెను రెండు చేతుల్లో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"మకార్, ఇటు చూడు" అన్నాడు.

పుర్రె వెనక చిన్న రంధ్రం. వీపు కింద మణికట్టు ఎముకల చుట్టూ టెలిఫోన్ తీగ. నడుముకు బెల్టు లేదు. మరణశిక్ష పడినవాడికి ముందు బెల్టు ఊడదీసేవారని ముగ్గురికీ తెలుసు.

"మనవాళ్ళేనా?" అని అడిగాడు మకార్.

"మనవాళ్ళేరా. ఇంకెవరున్నారిక్కడ?"

పేరు రాసి పంపితే పాత దస్త్రాలు తీస్తారని, పారిపోయినందుకు కాల్చేశారని ఇంటికి జవాబు వస్తుందని తిమొఫేయ్ గొంతు తగ్గించి చెప్పాడు. అది తప్పుడు శిక్ష అయి ఉండొచ్చు. అప్పట్లో దారి తప్పినవాణ్ణీ కాల్చారు, వేళ్ళు గడ్డకట్టి తుపాకీ జారవిడిచినవాణ్ణీ కాల్చారు. అర్జీ పెట్టి తేల్చుకోవచ్చు, కాకపోతే ఏళ్ళు పడుతుంది. అమ్మకు అన్నేళ్ళు లేవని మకార్‌కి తెలుసు. పేరు లేకుండా అప్పగిస్తేనో? అందరితో పాటు ఎర్రగుడ్డ కప్పిన పెట్టెలో, తుపాకుల వందనంతో వెళ్ళిపోతాడు.

"మీ నాన్న. నువ్వే చెప్పాలి" అన్నాడు తిమొఫేయ్.

మకార్ లేచి మిట్ట దిగి, చెంచాను బురదనీళ్ళలోకి తన బలమంతా పెట్టి విసిరాడు. తిరిగొచ్చేసరికి గ్లెబ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ మణికట్టు నుంచి తీగ విప్పుతున్నాడు. ఒక్క ఎముకా విరగకుండా విప్పి, చుట్టచుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు అతను ఒక్క ఎకసెక్కమూ ఆడలేదు.

ఆ వసంతంలో దొరికినవాళ్ళందరినీ జూన్‌లో పూడ్చారు. ఉస్తీన్యా ఏటా వచ్చినట్టే నల్లగుడ్డ తలకు చుట్టుకుని వచ్చింది. మామూలుగా ఒక్కో పెట్టెలో నలుగురైదుగురి ఎముకలు సర్దుతారు. ఈ ఒక్కణ్ణి మాత్రం తిమొఫేయ్ విడిగా పడుకోబెట్టాడు. మకార్ తల్లిని రెక్క పట్టుకుని ఆ పెట్టె దగ్గరికే నడిపించాడు.

"ఈ ఏడూ దొరకలేదా?" అంది.

"లేదమ్మా."

"ఇతనెవరు?"

"పేరు తెలీదు. కుర్రాడట."

ఉస్తీన్యా వంగి ఎర్రగుడ్డను అరచేత్తో నిమిరింది. "పడుకో నాయనా" అంది. "నువ్వు నయం, ఉన్నచోటే ఉన్నావు. ఇంత అడవీ తవ్వినా మా ఆయన లేడంటే ఊరన్నదే నిజం. పారిపోయే ఉంటాడు."

తర్వాత పెట్టె మీద వేసే పిడికెడు మట్టి కోసం కొడుకు ముందు చెయ్యి చాపింది. మకార్ ఆ చేతిలో మట్టి పోశాడు.