పెట్టెలోనే ఉండిపోయిన ఆజ్ఞ

ఆవిడను ఆఫీసులో అందరూ అనుమానాలక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడ ఏమీ అనుకోదు. ఇంటికి తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ఐదోసారి లాగే మనిషి ఇంకేమనుకుంటుంది? "ఏదో ఒకరోజు తాళం ఊడి నీ చేతికొస్తుందే" అని భర్త వేళాకోళం చేస్తాడు. యాభై రెండేళ్లొచ్చినా ఆ గుణం పోలేదు. అందుకే కాబోలు, నీటి సరఫరా ఆఫీసులో నలభై మోటార్లతో మాట్లాడే ప్రోగ్రాం రాయడానికి ఏరికోరి ఆవిడనే కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్లుగా సి భాష తప్ప మరొకటి ముట్టని చెయ్యి అది.

మోటార్లకు వెళ్లే ఆజ్ఞలను దారిలో ఎవడూ చదవకుండా, మార్చకుండా రహస్య లిపిలోకి మార్చాలి. ఆ పని చేసే లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలు, తయారుగా దొరుకుతుంది. మోటార్లకు వెళ్లే లైను దాని చేతికే ఇచ్చేస్తే రాకపోకలన్నీ అదే చూసుకుంటుంది. మన అనుమానాలక్క ఇస్తుందా? "ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసినదాని చేతికి నా లైనా! కుదరదు" అంది. ఒక్కో మోటారుకు మెమరీలో రెండేసి బఫర్లు పెట్టింది. వచ్చేది ఒక పెట్టెలో, వెళ్లేది ఇంకో పెట్టెలో అన్నమాట. లైబ్రరీ ఆజ్ఞను రహస్య లిపిలోకి మార్చి, ముద్ర వేసి వెళ్లే పెట్టెలో పడేస్తుంది, అంతవరకే దాని పని. అక్కణ్ణుంచి తీసి లైన్లో వేయవలసింది ఈవిడ ప్రోగ్రామే. ఏడాదిగా ఒక్క పొరపాటు లేకుండా నడిచింది.

ఆ రోజు పదకొండు గంటలకు ఏదో కాగితం కోసం కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లింది. ఆపరేటర్ నవ్వుతూ, "అక్కా, మీ మావయ్య పదిహేడో మోటారు గోతిలోకి దిగాడు. రెక్కలకు గుడ్డపీలికలు చుట్టుకున్నాయట. లాక్ కొట్టేశా" అన్నాడు. లాక్ అంటే, ట్యాంకులో నీళ్లు నలభై శాతానికి దిగినా మోటారు తనంతట తాను తిరగకుండా ఆపే ఆజ్ఞ. తెర మీద 'వెళ్లింది' అని పచ్చగా ఉంది.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు, మోటారు మెకానిక్. ఇంట్లో అందరూ కాదంటే ఒంటరిగా పోట్లాడి ఈవిడను ఇంజనీరింగులో చేర్చింది ఆయనే. అందుకే ఆ పచ్చ అక్షరాలు చూసినా మనసొప్పలేదు. సీటుకొచ్చి, ప్రోగ్రాం చేసిన ప్రతి పనీ నమోదయ్యే లాగ్ తెరిచింది.

పదిహేడో మోటారుకు వెళ్లే పెట్టెలో ఒక ఆజ్ఞ పడుంది. ముద్ర పడింది, కదల్లేదు.

కోడ్ తీసి చూస్తే కళ్ల ముందే ఉంది తప్పు. మోటారు నుంచి ఏదైనా వచ్చినప్పుడే తన ప్రోగ్రాం నిద్రలేచి, దాన్ని చదివి, పనిలో పనిగా వెళ్లే పెట్టెను కూడా ఖాళీ చేస్తోంది. మోటార్లు సెకనుకోసారి రిపోర్టు ఇస్తూనే ఉంటాయి కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. రిపేరుకు దిగేముందు మాత్రం మెకానిక్ రిపోర్టులు ఆపేస్తాడు. మోటారు ఆజ్ఞలు వినడం, జవాబివ్వడం ఆగదు గానీ, వినడానికి ఆజ్ఞ అక్కడికి వెళితే కదా! ఇదివరకు రిపేర్లప్పుడు ట్యాంకు అంత దిగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పైగా పెట్టెలో పడగానే 'వెళ్లింది' అని చూపించమని రాసింది కూడా తనే. అన్నిటినీ అనుమానించిన మహాతల్లి తన రాతను మాత్రం అనుమానించలేదు.

"మళ్లీ కొట్టు!" అని కంట్రోల్ రూమ్ వైపు అరిచింది. ఆపరేటర్ కొట్టాడు. 'వెళ్లింది' అంది తెర. పెట్టెలో రెండు పోగయ్యాయి.

"ట్యాంకెంతుంది?"

"నలభై మూడు. ఏమైందక్కా?"

మావయ్యకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మళ్లీ చేసింది, అంతే. ఫోన్ గట్టు మీద సంచిలో ఉంటుంది, మనిషి గోతిలో. బండి మీద వెళ్లాలంటే ముప్పావుగంట. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే పెట్టెలన్నీ ఖాళీ అయిపోతాయి, నలభై లైన్లూ కొత్తగా కలవడానికి పావుగంట. "భగవంతుడా, అంత టైము లేదు" అని పైకే అనేసింది.

ఇక మిగిలింది ఒక్కటే. నడుస్తున్న ప్రోగ్రాంలోకి, తప్పులు వెతికే డీబగ్గర్‌తో దూరి, పెట్టె ఖాళీ చేసే ఫంక్షన్‌ను తనే చేత్తో నడిపించడం. వేలు తప్పితే ప్రోగ్రామే కూలుతుంది. లైను నంబరు పదిహేడా పదహారా అని మూడుసార్లు చూసుకుంది. ప్రోగ్రాంలో లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి పదహారే.

"అక్కా, నలభై ఒకటి!"

కొట్టింది. పెట్టెలో మిగిలినది సున్నా. ఒక క్షణం, రెండు క్షణాలు. తర్వాత అవతలి నుంచి జవాబు వచ్చింది: లాక్ పడింది. ఆవిడ కుర్చీలో కూలబడి, అందరూ చూస్తుండగానే భోరుమంది.

ఇరవై నిమిషాల తర్వాత మావయ్య ఫోన్ చేశాడు. "ఏంటే, పద్నాలుగుసార్లు చేశావు? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?"

ఆవిడ దాచలేదు. "మావయ్యా, లాక్ ఇందాకే పడింది. నువ్వు దిగినప్పుడు పడలేదు. తప్పు నాదే."

అవతల పానాలు గట్టు మీద పెట్టిన చప్పుడైంది.

"గంటసేపు రెక్కల మధ్యే కూర్చున్నానే" అన్నాడు మావయ్య.

"తిట్టు మావయ్యా."

"తిట్టడానికేముంది? ఇదివరకు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని గానీ దిగేవాణ్ణి కాదు. ఈ లాక్ నువ్వు రాశావన్నారని మానేశాను."