బిళ్ళ కట్టిన ఎండుమాన్లు

బద్వేలుకు పడమట, కొండ వాలులో నేను ఎంచుకున్న అడవి తునకలో ఎర్రచందనం లేదు. తెలిసే అలా ఎంచుకున్నాను. ఎర్రచందనం ఉన్నచోట టేపుతో చెట్టు చుట్టుకొలత తీసే వృద్ధురాలిని కూడా అటవీ సిబ్బంది అనుమానించవలసి వస్తుంది. నా పనికి నిశ్శబ్దం కావాలి. బిల్లుడు, తిరుమాను, చండ్ర, అక్కడక్కడ ఒక నల్లమద్ది. నా పరిశోధనకు అవి చాలు.

వానలు సమృద్ధిగా కురిసే ఉష్ణమండల అడవుల మీద గ్రంథాలు చాలా ఉన్నాయి. మన పొడి అడవులను పట్టించుకున్నవారు తక్కువ. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, అందులోని కర్బనాన్ని కొయ్యగా మార్చుకుంటుంది. ఆ చెట్టు చచ్చిన తరువాత కర్బనం ఎంతకాలం కొయ్యలో నిలుస్తుంది, ఎంత నెమ్మదిగా తిరిగి గాలిలో కలుస్తుంది అన్నది నా ప్రశ్న. వేడి పెరుగుతున్న కొద్దీ ఈ లెక్క మారుతున్నదన్న అనుమానమే నన్ను ఉద్యోగ విరమణ తరువాత కూడా కొండ ఎక్కించింది. అందుకోసం బతికున్న చెట్లకూ, నిలువునా ఎండిన చెట్లకూ అంకెలు వేసిన అల్యూమినియం బిళ్ళలు బిగించాను. ఎండినవాటిని ఎవరూ కదిలించకూడదు. కనీసం రెండు వానాకాలాలు అవి అలాగే నిలవాలి. నిలవకపోతే నా ప్రశ్నకు జవాబు లేదు.

ఆ వేసవి మొదట్లో ఇద్దరు స్త్రీలు నా తునక అంచున కూర్చుని నాకోసం ఎదురు చూస్తూ కనిపించారు. కొండ కింది పల్లెలో, చర్చి వెనక వీధివాళ్ళు. పెద్దామె వితంతువు, రెండో ఆమె ఆమెకు తోడికోడలు. ఎండుకట్టెలు మోపు కట్టి బద్వేలు హోటళ్ళకు మోయడమే ఇద్దరి బతుకుతెరువు. వారి తలల మీద చుట్టకుదుళ్ళు ఉన్నాయి కాని, పక్కన మోపులు లేవు.

"ఏందమ్మా, ఇన్ని మాన్లు పట్టినావు, బద్వేల్లో హోటలేమన్నా పెడతాండావా?" అని పెద్దామె అడిగింది.

"హోటలుకు ఇన్నెందుకక్కా? ఇటుకల బట్టీ పెడతాదిలే," అంది తోడికోడలు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు వారు వివరించారు. ఆ కొండ మీద ఎండిన చెట్టును మొదట చూసినవారు దాని పంగలో ఒక రాయి పెడతారు. రాయి ఉన్న చెట్టును మరొకరు ముట్టరు, ఎంత అవసరమైనా సరే. నా బిళ్ళలను వారు పట్నం ఆమె పెట్టుకున్న రాళ్ళుగా అర్థం చేసుకున్నారు. ఊరికి దగ్గరగా ఉన్న ఎండుమాన్లన్నీ ఆ విధంగా నావైపోయాయి. ఇక వారు అవతలి గట్టు దాటి పోవలసి వస్తున్నది. పెద్దామె మోకాళ్ళు ఆ దూరానికి సహకరించడం లేదు.

"నేను ఒక్క పుల్ల కూడా తీసుకుపోను. కొలతల కోసం కట్టాను," అన్నాను.

"తీసకపోనిదానివి ఎందుకు పట్టినావు? ఆకలిగొన్నోళ్ళ ముందర విస్తరేసి, ఎవురూ తినొద్దంటే ఎట్ల?" అన్నది పెద్దామె.

కర్బనం గురించి నాకు చేతనైనంత సులువుగా చెప్పాను. పెద్దామె శ్రద్ధగా విన్నది. విని, "పొయ్యిలో పెడితే పొగయి యాడికి పోతాదో, చెదలు తిన్నా ఆడికేనా పొయ్యేది?" అని అడిగింది. అవునన్నాను. "అట్లైతే నా పొయ్యి చేసిన తప్పేముండాది?" అన్నది. త్వరగా పోవడానికీ నెమ్మదిగా పోవడానికీ గల భేదాన్ని మళ్ళీ చెప్పాను. తోడికోడలు ఆవులించింది.

చివరికి వారి నియమంలో మిగిలిన భాగం తెలిసింది. రాయి పెట్టినవారు తొలివాన పడేలోపు కట్టె కొట్టుకుపోవాలి. వాన పడితే ఆ హక్కు పోతుంది.

"వాన పడినాంక నీదీ కాదు, నాదీ కాదు. ఎవురు ముందొస్తే వాళ్ళది," అన్నది పెద్దామె. "అంతవరకూ మేం ముట్టం. మాట."

నియమాలంటే నాకు గౌరవం. కాని ఈ నియమం నా పరిశోధనను ఒక్క వానతో ముగించగలదు. అటవీ గార్డును కలిసి, హెచ్చరిక బోర్డు పెట్టించమని కోరాను. "బోర్డుకు రెండు కొయ్యలు కావల్ల గదా మేడం. ఆ కొయ్యలకు ఎవురు కాపలా?" అని నవ్వాడు. చట్టాన్ని నవ్వులాటకు తీసుకునే ఉద్యోగులు నాకు నచ్చరు. అయినా రెండోసారి అడగలేదు. ఆ స్త్రీల పొయ్యికి వ్యతిరేకంగా అర్జీ రాయడానికి నా చేయి రాలేదు.

అప్పటినుంచి నాకు మబ్బును చూస్తే భయం వేసేది. జీవితమంతా చెట్ల మధ్య గడిపిన మనిషి వాన వద్దనుకోవడం ఎంతటి వికారమో నాకు తెలుసు. కడప ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి, ఆకాశం నల్లబడితే లోపలికి వచ్చేసేదాన్ని. వాన పడకుండా మబ్బు విడిపోతే ఊరట కలిగేది. వెంటనే ఆ ఊరట మీద అసహ్యం కలిగేది.

నేను కోరుకున్నట్టే వాన రాలేదు. జూన్ పోయింది, జూలై పోయింది. నేను వెళ్ళిన ప్రతిసారీ నా ఎండుమాన్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ స్త్రీలు మాట తప్పలేదు. గట్టు దాటి పోయి వస్తున్నారు. పెద్దామె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నది.

ఆగస్టులో ఒకనాడు నేను ఒక్క ఆకూ లేని బిల్లుడు చెట్ల దగ్గర ఆగిపోయాను. వేసవి మొదట్లో వాటిని బతికున్న చెట్లుగా నమోదు చేశాను. ఆకు రాల్చి ఎండను ఓర్చుకోవడం వాటికి అలవాటే కనుక మొదట తొందరపడలేదు. గోటితో బెరడు గీకాను. లోపల పచ్చదనం లేదు. పక్కచెట్టూ అంతే. ఆ పక్కది కూడా.

అటుగా వచ్చిన పెద్దామె నా వెనక నిలబడి చూసింది.

"ఇవి పచ్చగా ఉన్నెప్పుడే బిళ్ళ కొట్టినావు గదమ్మా. సస్తాయని నీకు ముందే తెలుసునా?"

లేదన్నాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. "సదువుకున్నదానివి. తెలిసింటే మాకొక మాట చెప్పాల్సింది," అన్నది. చదువు అంతదూరం చూడదని ఆమెకు చెప్పవలసింది. కాని వేడి పెరిగితే ఈ అడవి ఏమవుతుందో సభల్లో చెప్పింది నేనే. ఫలానా వాలులో, ఫలానా చెట్టు అని మాత్రమే తెలియదు.

అక్టోబరులో వాన పడింది. గట్టి వాన. మరునాడే బస్సెక్కాను. నరికిన మొదళ్ళనైనా కొలుచుకుందామని సిద్ధపడి వెళ్ళాను. తునకలో అడుగుపెట్టి ఒక్కొక్క ఎండుమాను దగ్గరకూ వెళ్ళి చూశాను. ఒక్కదాని మీదా కత్తి పడలేదు. నా ప్రశ్న దక్కిందన్న సంతోషంతో కాసేపు రాతి మీద కూర్చుండిపోయాను.

పైవాలునుంచి ఇద్దరూ దిగి వచ్చారు. మోపులు దించి, నా పక్కన కూర్చున్నారు. ఎండుమాన్లను ఎందుకు కొట్టలేదని అడిగాను.

"నీ కట్టెలు నువ్వే పెట్టుకోమ్మా," అన్నది పెద్దామె. "మాకిప్పుడు గట్టు దాటే పనే లేదు. వాలంతా ఎండుమాన్లే. శానా ఉండాయి."

"ఇంగ సంబరమేనా మేడం?" అంది తోడికోడలు. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

పెద్దామె లేచి, మోపు తలకెత్తడానికి ఒక చేయి వేయమన్నది. వేశాను. మోపు నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. అన్నీ ఈ ఏడు ఎండిన బిల్లుడు కట్టెలే. బెరడు ఇంకా ఊడలేదు.