రెండు వందల ఎనభై చూపించిన కారు

ఎనభైల చివర్లో అనంతపురం పాత బస్టాండు దగ్గర నాకో చిన్న అంగడి ఉండేది. లారీలకూ జీపులకూ వేగం చూపించే మీటర్లు బాగుచేసేవాణ్ణి. ముల్లు అతుక్కుపోతే విడిపించడం, కేబులు తెగితే మార్చడం, ఇదే పని. పెళ్ళి కాలేదు. ఆ ముళ్ళతోనే కాపురం. కాలికి మాత్రం ఒక్కటీ గుచ్చుకోలేదు. అంగడి వెనక గదిలోనే వంటా, పడకా.

మీటరు బిగించాక నిజం తేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. డ్రైవరు పక్కన కూర్చుని రాప్తాడు దారిలో పోయేవాణ్ణి. రోడ్డు పక్కన రెండు వందల మీటర్లకొక చిన్న రాయి. రాయికీ రాయికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చేతి గడియారంలో చూసి, ముల్లు చెప్పేది నిజమో కాదో చెప్పేవాణ్ణి. ఆ కాసేపూ డ్రైవరు తన ఊరి సంగతులూ, రాని వాన సంగతులూ చెప్పేవాడు. నాకు దొరికే సావాసం అదే. అయితే బాగుచేసిన మీటరు మళ్ళీ రాదు, దాని వెంట మనిషీ రాడు. నా పనితనమే నా మీద పగబట్టింది.

అలాంటప్పుడు పక్క గదిలో వీడియో గేమ్ అంగడి తెరిచారు. యజమానిది ధర్మవరం, మగ్గాల ఇల్లు. బెంగళూరు నుంచి కారు పందెం మిషను ఒకటి తెచ్చి పెట్టాడు. సాయంకాలం కాలేజీ విద్యార్థులు మూగేవారు. జనం పల్చబడ్డాక ఆయన గోడ మీద తట్టి, "అన్నా, టీ వచ్చిండాది, రా" అని పిలిచేవాడు. ఆ తట్టు కోసం మధ్యాహ్నం మూడు నుంచే చెవి గోడకేసి ఉంచేవాణ్ణి.

ఒకరోజు ఎవరో ఆడుతుంటే వెనక నిలబడ్డాను. తెర మీద వేగం గంటకు రెండు వందల ఎనభై కిలోమీటర్లు. రోడ్డు పక్కన తెల్ల రాళ్ళు వస్తున్నాయి. అలవాటు ఊరుకోదు కదా, గడియారం చూశాను. రాయికీ రాయికీ పది సెకన్లు.

"ఈ మీటరు అబద్ధమప్పా," అన్నాను అందరి ముందూ. "ఈ కారు పోయేది డెబ్భై రెండే."

నోటి మాట నా మీటరు దాటిపోయింది.

"ఏమన్నా, నీ కారు కంటే మా కదిరి బస్సే మేలు! దాంట్లో కిటికీ గాలన్నా వస్తాది," అని ఒక విద్యార్థి యజమానిని ఆటపట్టించాడు. అప్పటినుంచి వేగం పెరగగానే అందరూ "డెబ్భై రెండు! డెబ్భై రెండు!" అని అరవడం మొదలుపెట్టారు. గోడ మీద తట్టు ఆగిపోయింది.

నాలుగో రోజు నేనే పోయి, "ఉండేదే చెప్పినాను గదప్పా," అన్నాను.

ఆయన మిషను తుడుస్తూనే అన్నాడు: "యాడుండాదన్నా? ఆ రాళ్ళు రెండు వందల మీటర్లకొకటని నీకెవరు చెప్పినారు? నువ్వేమన్నా టేపు పట్టి నాటినావా?"

రాప్తాడు రోడ్డు రాళ్ళు కొలిచి నాటినవి. ఈ రోడ్డుకు ఊరే లేదు, ఇక కొలిచినవాడెవడు? రాయి కనబడితే చాలు, రెండు వందల మీటర్లనుకునే బుర్ర నాది. ఆ తప్పు లెక్కతో ఆయన్ని నవ్వులపాలు చేశాను. ఆ మాట అప్పుడే ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోకుండా వచ్చేశాను.

ఎండాకాలం సెలవులకు కాలేజీ మూసేశారు. ఎవరూ ఆడకపోయినా ఆ మిషను తెర మీద కారు తనంతట తానే పోతూ ఉంటుంది. ఆ మోత పగలంతా గోడలోంచి వినిపించేది. ఆయన అటు, నేను ఇటు. ఒకరు దగ్గితే ఒకరికి వినపడేది. కొన్ని రోజులు దగ్గు లేకపోయినా దగ్గాను.

చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళి, "రాళ్ళ లెక్క తప్పప్పా. తప్పు నాదే," అన్నాను. ఆయన తల ఎత్తలేదు. ఏం చెయ్యాలో తోచక మిషనులో రూపాయి బిళ్ళ వేసి సీట్లో కూర్చున్నాను. మీటర్లు బాగుచేసేవాడికి కారు నడపడం రాదని ఆయనకు అప్పుడే తెలిసింది. మలుపు మలుపుకూ గుద్దుకుంటూ, ఎట్లాగో తిన్నని దారికి తెచ్చి గట్టిగా తొక్కాను.

"ఎంత పోతాండాదన్నా?" వెనకనుంచి ఆయన గొంతు.

"రెండు వందల ఎనభై," అన్నాను.

"పోన్నా, అన్నీ అబద్ధాలే! డెబ్భై రెండు పోతే గొప్ప."

ఆయన నవ్వుతున్నాడో లేదో చూద్దామని తెర వదిలి వెనక్కి తిరిగాను. కారు గడ్డిలోకి పోయింది. పోతే పోనీ అనుకున్నాను.