ఉప్పెక్కిన బోరింగు

మా ఇంటి బోరింగు ప్రహరీ లోపల లేదు, వీధివైపు ఉంది. నాన్న కావాలనే అలా వేయించారు. నరసాపురం దాటి సముద్రం వైపు వచ్చేకొద్దీ తియ్యటి నీళ్ళు పడటం కష్టం. మాకు పడ్డాయి. వీధివాళ్ళే కాదు, అవతల చేపలు పట్టేవాళ్ళ పేట మొత్తం మా నీళ్ళే తాగింది. పాత పంపు కాబట్టి పైనుంచి చెంబుడు నీళ్ళు పోస్తేగాని ఎత్తేది కాదు. అందుకని పట్టుకున్నవాళ్ళు వెళ్ళేముందు, తర్వాత వచ్చేవాళ్ళ కోసం చెంబు నింపి గట్టుమీద పెట్టాలి. పెట్టకుండా వెళ్తే మా అమ్మ నోట్లో పడ్డట్టే.

ఇంటి వెనక రెండెకరాల చేను రొయ్యల చెరువుకి లీజుకిచ్చింది నేనే. చుట్టూ అందరూ ఇచ్చేశారు, నేనొక్కణ్ణే వరి పట్టుకుని వేళ్ళాడితే చవటనవుతాననుకున్నాను. అమ్మకి చెప్పలేదు. అప్పటికే ఆవిడ తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది.

రెండో వేసవికి నీళ్ళ రుచి మారింది. పేట నుంచి వచ్చే ఒకావిడ మొహమాటపడుతూనే చెప్పింది.

"ఏమనుకోకండి. నీళ్ళు ఉప్పగా తగులుతున్నాయండి. పిల్లలు ఉమ్మేస్తున్నారండి."

"వాషర్ పోయుంటుందమ్మా, మార్పిస్తాను," అన్నాను.

వాషర్‌కీ ఉప్పుకీ సంబంధమేంటి? ఉప్పు వెనక చెరువులోంచి దిగుతోందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా మార్పించాను. పంపు ఇదివరకటి కంటే హాయిగా ఉప్పునీళ్ళు పోసింది.

ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎవరూ దెబ్బలాడలేదు, నాలుగు తిట్టినా బాగుండేది. ఓ రోజు పొద్దున్న చూస్తే గట్టుమీద చెంబు ఎండిపోయి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మకి అనుమానం రాకూడదని అప్పటినుంచి పూటపూటా వెళ్ళి బోరింగు కొట్టేవాణ్ణి. ఆ నీళ్ళు కాలవలోకి వదిలేసి, లోపలికొచ్చి, కొనుక్కొచ్చిన టిన్ను నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చేవాణ్ణి. అమ్మ తాగేసేది. భలే నెట్టుకొస్తున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను, వెధవని.

మొన్న కార్తీకంలో అమ్మకి జ్వరం ముదిరింది. గ్లాసు నోటిదగ్గర పెడితే చేత్తో తోసేసింది.

"చేను చెరువుకిచ్చేశావు కదరా?"

గ్లాసు కింద పెట్టాను.

"ఎన్నాళ్ళయిందో, నువ్వు కొట్టే చప్పుడే గాని బిందె చప్పుడు లేదు. మనిషి మాట లేదు. పేటవాళ్ళు నీళ్ళకి ఎక్కడికెళ్తున్నార్రా?"

నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అదే చెప్పాను. అమ్మ గోడవైపు తిరిగిపోయింది. నేను ఇచ్చిన నీళ్ళు మళ్ళీ ముట్టలేదు.

మూడో రోజు పొద్దున్న తులసి నీళ్ళు నోట్లో పోశాను. లోపలికి దిగలేదు.